పాత నాటకం, కొత్త నవల: రోమియో జూలియెట్‌ల కథను షాంఘైలో చదవడం ఎలా?

షేక్‌స్పియర్ నాటకాలను ఆధారం చేసుకుని యువ పాఠకుల కోసం వస్తున్న ఫాంటసీ నవలల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: ముందు నాటకం చదవాలా, నవల చదవాలా? దాని వెంటే మరొకటి వస్తుంది: ముగింపు ముందే తెలిసిన కథను నాలుగు వందల పేజీలకు పైగా చదవడంలో ఆనందం ఏముంటుంది? విడివిడిగా జవాబు చెబితే చదివే పద్ధతి తెలియదు కాబట్టి, ఒక నవలను ఎదురుగా పెట్టుకుని, దాన్ని మొదటి నుంచి చివరి వరకు ఎలా చదవాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ఇందుకు ఎంచుకున్నది క్లోయి గాంగ్ రాసిన ‘దీస్ వయొలెంట్ డిలైట్స్’. 2020 నవంబరులో వెలువడింది. షాంఘైలో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగిన ఈ రచయిత్రి ‘రోమియో అండ్ జూలియెట్’ నాటకాన్ని ఇటలీలోని వెరోనా నుంచి 1926 నాటి షాంఘైకి తరలించారు. నాటకంలోని రెండు కుటుంబాలు ఇక్కడ రెండు ముఠాలు: ఒకటి చైనీయుల స్కార్లెట్ గ్యాంగ్, మరొకటి రష్యన్ల వైట్ ఫ్లవర్స్. హ్వాంగ్‌పూ నదిలో ఒక వికృత జీవి తిరుగుతోందన్న వార్త, దానితో పాటే మనుషులు తమ గొంతు తామే చీల్చుకుని చనిపోయే ఒక ఉన్మాదం నగరమంతా పాకడం ఇందులోని ఫాంటసీ భాగం. కథ 2021లో వచ్చిన రెండో సంపుటం ‘అవర్ వయొలెంట్ ఎండ్స్’తో పూర్తవుతుంది.

పాత కథ నుంచి కొత్త కథ పక్కకు జరిగిన చోటనే పునఃకథనం రుచి తెలుస్తుందని నా నమ్మకం. కింద చెప్పిన మెట్లన్నీ ఆ చోట్లను పట్టుకోవడానికే.

కావలసినవి

- నవల మొదటి సంపుటం. కాగితం ప్రతి గానీ ఈ-బుక్ గానీ ఏదైనా సరిపోతుంది. అమెరికాలో ఉన్నవారు తమ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డుతో, లైబ్రరీ ఈ-బుక్‌లు అరువిచ్చే లిబ్బీ యాప్‌లో వెతకవచ్చు.
- నాటకం మూలపాఠం. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఫోల్జర్ షేక్‌స్పియర్ లైబ్రరీ వెబ్‌సైటులో కూడా ఉచితమే. అక్కడ పంక్తుల సంఖ్యలు ఉంటాయి కాబట్టి ఈ పనికి అదే మేలు.
- ఒక నోటుపుస్తకం, పెన్సిల్.
- 1920ల నాటి షాంఘై పటం ఒకటి. విదేశీయుల పాలనలో ఉన్న ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్, ఫ్రెంచ్ కన్సెషన్ అనే భాగాలు, చైనీయుల పాత నగరం వేర్వేరు రంగుల్లో చూపించే పటమైతే ఇంకా మంచిది.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ నవలలో రక్తపాతం చాలా ఎక్కువ. మనుషులు తమను తాము గాయపరచుకునే దృశ్యాలు, చర్మం కింద పాకే పురుగుల వర్ణనలు పీఠిక నుంచే ఉన్నాయి. యువ పాఠకుల నవల అని అట్ట మీద ఉన్నంత మాత్రాన పదకొండు, పన్నెండేళ్ల పిల్లల చేతికి ఇవ్వకండి. పద్నాలుగు దాటిన పిల్లలకైనా ముందు మీరు రెండు మూడు అధ్యాయాలు చదివి, ఆ తర్వాతే ఇవ్వండి. నాటకం కూడా ఆత్మహత్యలతో ముగుస్తుందన్న సంగతి పిల్లలతో ముందే మాట్లాడటం అవసరం.

1. నాటకంలో ఏడు చోట్లు మాత్రం చదవండి

నాటకం మొత్తం చదవగలిగితే సంతోషం. అయితే మొత్తం పూర్తి చేశాకే నవల ముట్టుకుంటానని పట్టుబట్టినవారిలో చాలామంది రెండో అంకం దగ్గరే ఆగిపోయి, చివరికి రెండూ వదిలేస్తారు. కాబట్టి ముందుగా ఈ ఏడు చోట్లు చదవండి: నాటకం మొదట్లో వచ్చే పద్నాలుగు పంక్తుల నాంది, మొదటి అంకం మొదటి రంగంలోని వీధి పోట్లాట, అదే అంకం ఐదో రంగంలో నాయికానాయకులు తొలిసారి కలిసే విందు, చాలా చిన్నదైన రెండో అంకం ఆరో రంగం, మూడో అంకం మొదటి రంగం, ఐదో అంకం రెండో రంగం, చివరి రంగంలో రాజు రెండు కుటుంబాలను మందలించే భాగం. ఇంగ్లీషు కష్టమనిపిస్తే గట్టిగా పైకి చదవండి. కంటితో చదివినప్పుడు చిక్కని వాక్యం గొంతులో పెట్టగానే విడిపోతుంది, ఎందుకంటే అది నటులు పలకడం కోసం రాసిన వాక్యం.

ముగింపు తెలిసిపోతుందన్న భయం నాందితోనే తీరిపోవాలి. ప్రేమికులిద్దరూ ప్రాణాలు తీసుకుంటారని, వాళ్ల చావుతోనే పెద్దల పగ చల్లారుతుందని షేక్‌స్పియర్ తెర లేవగానే చెప్పేశాడు. ఏమి జరుగుతుందన్నది ఆయన దాచుకోలేదు. ఎలా జరుగుతుందన్న దాని మీదే ప్రేక్షకుణ్ని కూర్చోబెట్టాడు. నవలను కూడా అదే దృష్టితో చదవాలి.

రెండో అంకం ఆరో రంగాన్ని ఎంచుకోవడానికి కారణం నవల పేరు. తీవ్రమైన ఆనందాలకు తీవ్రమైన ముగింపులే ఉంటాయని, నిప్పూ మందుగుండూ ముద్దు పెట్టుకున్న క్షణంలోనే కాలిపోయినట్లు అవి నశిస్తాయని పెళ్లికి ముందు ఫ్రయర్ లారెన్స్ అనే క్రైస్తవ సన్యాసి రోమియోను హెచ్చరిస్తాడు. రెండు సంపుటాల పేర్లూ ఆ ఒక్క మాట నుంచే వచ్చాయి.

2. ఆ నాటకమే ఒక పునఃకథనమని గుర్తుపెట్టుకోండి

‘అసలు కథను పాడుచేశారు’ అన్న అసంతృప్తితో నవల మూసేసేవారు ఈ మెట్టు దాటవేయకూడదు. షేక్‌స్పియర్ ఈ కథను సొంతంగా కల్పించలేదు. 1562లో ఆర్థర్ బ్రూక్ ఇంగ్లీషులో రాసిన ఒక దీర్ఘకావ్యం ఆయనకు ఆధారం. ఆ కావ్యానికి ఇటాలియన్ కథలు మూలం. బ్రూక్ కావ్యంలో నెలల తరబడి సాగిన కథను షేక్‌స్పియర్ ఒక ఆదివారం ఉదయం నుంచి గురువారం తెల్లవారుజాము వరకు కుదించాడు. అక్కడ పదహారేళ్ల జూలియెట్‌ను ఇంకా పద్నాలుగు నిండని పిల్లను చేశాడు. గాంగ్ నవలలో ఆమెకు పద్దెనిమిది. ఆ వయసులు మారినప్పుడల్లా కథ బాధ్యత ఎవరి మీద పడుతోందో ఆలోచించండి: పదమూడేళ్ల పిల్ల తప్పటడుగు వేస్తే పెద్దలను నిలదీస్తాం, పద్దెనిమిదేళ్ల ముఠా వారసురాలు వేస్తే ఆమెనే నిలదీస్తాం.

తెలుగు పాఠకులకు ఇది కొత్త విషయం కాకూడదు. భారతంలోని శకుంతల కథలో, నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో కూడా, ఉంగరమూ లేదు, దుర్వాసుడి శాపమూ లేదు. కొడుకును వెంటబెట్టుకుని సభకు వచ్చిన భార్యను దుష్యంతుడు తెలిసే ఎరుగనన్నాడు. ఆకాశవాణి పలికిన తర్వాత గానీ ఒప్పుకోలేదు. శాపాన్ని, ఉంగరాన్ని తెచ్చి కాళిదాసు ఆ అపరాధాన్ని రాజు మీద నుంచి దించేశాడు. కాళిదాసును చదివేటప్పుడు ‘ఈ మార్పు ఎందుకు చేశాడు, దీనివల్ల ఎవరికి మేలు జరిగింది’ అని ఎలా అడుగుతామో, ఈ నవలను కూడా అలాగే అడుగుతూ చదవండి.

3. నగరాన్ని ఒక గంటసేపు తెలుసుకోండి

చరిత్ర పుస్తకాలు తిరగేయనక్కర లేదు. ఈ నాలుగు సంగతులు తెలిస్తే చాలు.

నల్లమందు యుద్ధంలో ఓడిపోయిన చైనా 1842 నాంజింగ్ ఒప్పందంతో షాంఘై రేవును విదేశీ వర్తకులకు తెరవవలసి వచ్చింది. ఆ తర్వాత నగరంలో కొన్ని భాగాలు విదేశీయుల పాలనలోకి వెళ్లాయి. అక్కడ నేరం చేసిన విదేశీయుడిని చాలావరకు అతని దేశపు న్యాయస్థానమే విచారించేది. 1917 విప్లవం తర్వాత పారిపోయి వచ్చిన రష్యన్లు ఈ నగరంలో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. చైనా కమ్యూనిస్టు పార్టీ 1921లో ఇక్కడే పుట్టింది. 1925 మే 30న బ్రిటిష్ అధికారుల కింద పనిచేసే పోలీసులు నిరసనకారుల మీద కాల్పులు జరిపారు; మన దేశం నుంచి తీసుకువెళ్లిన సిక్కు పోలీసులు అప్పట్లో ఆ దళంలో భాగం.

ఇప్పుడు నాటకాన్ని ఒకసారి తలచుకోండి. వెరోనాలో ఎస్కలస్ అనే రాజు ఉన్నాడు. వీధిలో కొట్లాడితే మరణదండన అని అతను ప్రకటిస్తాడు, రోమియోను వెరోనా నుంచి వెళ్లగొడతాడు; ఆ బహిష్కారం నుంచే విషాదం మొదలవుతుంది. 1926 షాంఘైలో అలా అందరినీ శాసించగల రాజు లేడు. నగరం మీద సైనిక నాయకుడు సున్ చువాన్‌ఫాంగ్ పట్టు ఒక పక్క, విదేశీ పాలక మండళ్లు ఇంకో పక్క, జాతీయవాదులు, కమ్యూనిస్టులు, ముఠాలు మరో పక్క. రాజు లేని ఊళ్లో పగను ఎవరు ఆపాలి? నవలంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుందని నాకు అనిపిస్తుంది. నోటుపుస్తకం మొదటి పేజీలో దీన్ని రాసుకోండి.

జాగ్రత్త: నగరం, కాలం నిజమే గానీ స్కార్లెట్ గ్యాంగ్, వైట్ ఫ్లవర్స్ రెండూ కల్పితాలు. ఆ రోజుల్లో షాంఘైని నిజంగా శాసించిన ముఠా గ్రీన్ గ్యాంగ్. నవలలోని సంఘటనలను చరిత్రగా ఎక్కడా ఉటంకించకండి.

4. మొదటి వంద పేజీలు పెన్సిల్ పక్కన పెట్టి చదవండి

ఈ దశలో పోలికలు వెతకవద్దు, జాబితాలు రాయవద్దు, పాత్రల పేర్లను ఇంటర్నెట్‌లో వెతకవద్దు. రెండో సంపుటం వచ్చి ఏళ్లయింది కాబట్టి ఒక్క పేరు టైపు చేస్తే ఆ పాత్ర బతుకుతుందో చస్తుందో మొదటి వరుసలోనే కనిపిస్తుంది. పేర్లు కలగలిసిపోతుంటే రెండే గుర్తుంచుకోండి: జూలియెట్ త్సాయ్ స్కార్లెట్ గ్యాంగ్ అధిపతి కూతురు, చదువు కోసం అమెరికా వెళ్లి తిరిగివచ్చినది, రోమా మాంటగోవ్ వైట్ ఫ్లవర్స్ వారసుడు. మిగతా పేర్లు వాటంతట అవే నిలదొక్కుకుంటాయి.

ఇక్కడ చాలామంది పాఠకులు నిరాశపడతారు. తొలిచూపు ప్రేమ కోసం ఎదురుచూస్తే అది రాదు. వీళ్లిద్దరూ నాలుగేళ్ల కిందటే ప్రేమించుకున్నారు, రోమా ఆమెకు ద్రోహం చేశాడు, కథ మొదలయ్యేసరికి ద్వేషమే మిగిలింది. నాటకంలోని విందు దృశ్యాన్ని గుర్తు చేసుకుంటే ఈ మార్పు విలువ తెలుస్తుంది. అక్కడ రోమియో, జూలియెట్ తొలిసారి మాట్లాడుకున్న పద్నాలుగు పంక్తులు కలిసి ఒక పూర్తి సానెట్ అవుతాయి. అతను ఒక చరణం అందుకుంటే ఆమె మరొకటి పూరిస్తుంది, చివరి రెండు పంక్తులను ఇద్దరూ పంచుకుంటారు. పరిచయం లేని ఇద్దరు ఒకే పద్యాన్ని కలిసి అల్లుతారు. నవలలో ఇద్దరికీ ఒకరి మాట తీరు ఒకరికి ముందే తెలుసు, అయినా ఆ మాటను నమ్మలేరు. వాళ్ల తొలి సంభాషణలను ఆ సానెట్ పక్కన పెట్టి చదివితే, ప్రేమ పుట్టడం కన్నా విరిగిన నమ్మకం అతకడం ఎంత కష్టమో తెలుస్తుంది.

5. ఇప్పుడు మూడు నిలువు వరుసల పట్టిక వేయండి

మొదటి వరుసలో నాటకంలోని పాత్ర, రెండో వరుసలో నవలలోని పాత్ర రాయండి. ఇంతవరకు అందరూ చేస్తారు. మూడో వరుసలో ‘ఏమి మారింది’ అన్నది రాయాలి. దాన్ని నింపలేకపోతే ఆ పాత్రను మీరు ఇంకా చదవలేదనే అర్థం. నమూనాగా కొన్ని:

- రోజలైన్, రోజలిండ్: నాటకంలో రోమియో మొదట ప్రేమించిన రోజలైన్ పేరు వినిపిస్తుంది గానీ ఆమెకు ఒక్క పంక్తి సంభాషణ కూడా లేదు. నవలలో రోజలిండ్ మాట్లాడుతుంది, ఆమెకంటూ సొంత కోరికలు, అసంతృప్తులు ఉన్నాయి.
- మెర్క్యూషియో, మార్షల్: అక్కడ అతను రోమియో స్నేహితుడు, రాజు బంధువు, ఏ కుటుంబానికీ చెందడు. ఇక్కడ వైట్ ఫ్లవర్స్ మనిషి. తటస్థంగా నిలబడే అవకాశం పోయింది.
- ప్యారిస్, పాల్ డెక్స్టర్: అక్కడ పెద్దలు మెచ్చిన సంపన్న వరుడు. ఇక్కడ వ్యాపారం కోసం వచ్చిన బ్రిటిష్ యువకుడు. పెళ్లి సంబంధం స్థానంలోకి వలస వ్యాపారం వచ్చి కూర్చుంది.
- ఫ్రయర్ లారెన్స్, లోరెన్స్: మూలికలు తెలిసిన సన్యాసి ప్రయోగశాలలోని శాస్త్రవేత్త అయ్యాడు.

జూలియెట్ బంధువు టిబాల్ట్‌కు టైలర్, రోమియో బంధువు బెన్వోలియోకు బెనెడిక్ట్ ఉన్నారు. వాళ్ల మూడో వరుసను మీరే నింపండి. కాథ్లీన్ లాంటి పాత్రకు నాటకంలో స్పష్టమైన జోడీ కనిపించదు. బలవంతంగా ఎవరితోనూ జతచేయకండి. జోడీ లేని పాత్రను రచయిత్రి సొంత అవసరం కోసం తెచ్చుకున్నారు, ఆ అవసరమేమిటో కనిపెట్టడం మంచి అభ్యాసం.

6. నాటకం అంచున ఉన్న వ్యాధిని చూసి, నవల నడిమధ్యకు రండి

ఈ మెట్టు కోసమే ఐదో అంకం రెండో రంగాన్ని చదవమన్నాను. ముప్పై పంక్తుల చిన్న రంగం అది. జూలియెట్ చనిపోలేదు, నిద్రలో ఉందని చెప్పే ఉత్తరాన్ని రోమియోకు అందించడానికి బయలుదేరిన ఫ్రయర్ జాన్, ఆ ఉత్తరంతోనే తిరిగివస్తాడు. తోడు కోసం రోగులను చూడటానికి వెళ్లిన మరో సన్యాసి దగ్గరికి వెళ్లాడట. ఆ ఇంట్లో మహమ్మారి ఉందన్న అనుమానంతో నగర తనిఖీదారులు తలుపులు మూసి ముద్ర వేశారట. ఉత్తరాన్ని ఇంకొకరి చేత పంపుదామన్నా అంటుకుంటుందన్న భయంతో ఎవరూ ముట్టుకోలేదట. ప్రేమికుల మరణానికి పగ ఎంత కారణమో, మూసిన ఆ తలుపూ అంతే కారణం. దానికి ముందు మూడో అంకంలో, చనిపోతున్న మెర్క్యూషియో రెండు కుటుంబాలకూ మహమ్మారి తగలాలని ఒకటికి మూడుసార్లు శపిస్తాడు. ఈ నాటకం రాయడానికి కొద్ది కాలం ముందే, 1592 నుంచి 1594 మధ్య, ప్లేగు వల్ల లండన్ నాటకశాలలు చాలాకాలం మూతపడ్డాయి. తొలి ప్రేక్షకులకు ఆ శాపం వట్టి తిట్టుగా వినిపించి ఉండదు.

ఇప్పుడు నవలలోని ఉన్మాదాన్ని చూడండి. షేక్‌స్పియర్ అంచున ఉంచిన వ్యాధిని గాంగ్ కథకు కేంద్రం చేశారన్నది నా పఠనం. అది స్కార్లెట్ మనిషి, వైట్ ఫ్లవర్ మనిషి అన్న తేడా చూడదు. శత్రువులైన ఇద్దరు వారసులను ఒకే పనికి పూనుకునేలా చేస్తుంది. నాటకంలో వ్యాధి ప్రేమికులను విడదీసింది, నవలలో కలుపుతోంది. ఫాంటసీ అవసరమా అని అడిగేవారికి ఇక్కడే జవాబు దొరుకుతుంది. వికృత జీవి కనిపించిన ప్రతి అధ్యాయం పక్కన ఒక ప్రశ్న రాసుకోండి: ఈ జీవి లేకపోతే ఈ ఇద్దరూ ఈ గదిలో కలిసి ఉండేవారా?

7. చివరి యాభై పేజీలు ఒకే విడతలో చదవండి

మధ్యలో ఆపితే వేగం తెగిపోతుంది. ఆ పేజీలకు ముందు ఒక్క నిమిషం ఆగి, ఎవరెవరు బతికి ఉంటారో మీ ఊహ రాసిపెట్టుకోండి. నాటకం తెలిసినవారి ఊహలను రచయిత్రి ముందే లెక్కలోకి తీసుకున్నారు. మీ ఊహ ఎక్కడ తప్పిందో ఆ చోటుకు తిరిగివెళ్లి, మిమ్మల్ని అలా అనుకునేలా చేసిన వాక్యాన్ని వెతకండి. పుస్తకం చివర ఉన్న రచయిత్రి మాటను తప్పకుండా చదవండి, కానీ ముందుగా తెరవకండి.

మొదటి సంపుటం చివర కథ తెగినట్లు అనిపిస్తే కంగారుపడవద్దు. నాటకంలోని ముగింపుతో తలపడేది రెండో సంపుటం. అది 1927లో సాగుతుంది. ఆ ఏడాది ఏప్రిల్ 12న షాంఘైలో కమ్యూనిస్టుల మీద, కార్మిక సంఘాల మీద నిజంగానే ఊచకోత జరిగిందని తెలిస్తే, రెండో సంపుటంలో తేదీలు దగ్గరపడుతున్నకొద్దీ కలిగే ఆందోళనకు కారణం తెలుస్తుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

నాటకానికి బదులు దాని సారాంశం చదవడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. సారాంశంలో ఫ్రయర్ జాన్‌కు ఒక వాక్యం దక్కుతుంది, మూసిన తలుపు దక్కదు. మారిన చోట్లన్నీ వివరాల్లోనే ఉంటాయి కాబట్టి, ఏడు రంగాలే చదివినా మూలపాఠమే చదవండి.

షేక్‌స్పియర్ స్థాయి కవిత్వం నవలలో లేదని తీర్పు చెప్పడం మరో పొరపాటు. నాటకం రెండు గంటల ప్రదర్శన అని నాందిలోనే ఉంది. నవలకు వీధులు, వ్యాపారాలు, పాత గాయాలు చెప్పే తీరిక ఉంది. నవల తనకున్న తీరికను బాగా వాడుకుందా లేదా అన్నదే సరైన తూకం. నన్నడిగితే మధ్యభాగంలో పరిశోధన పేరుతో ఒకే చోటికి తిరిగి తిరిగి వెళ్లే అధ్యాయాలు కొన్ని తగ్గించి ఉండవలసింది. ఆ మాట నిర్మొహమాటంగా రాసుకోండి. ఇష్టపడి చదవడమంటే లోపాలు కప్పిపుచ్చడం కాదు.

ఫలితం సరిచూసుకోవడం

పుస్తకం మూసిన వారం తర్వాత ఈ మూడు పరీక్షలు పెట్టుకోండి. మొదటిది, నాటకం పేరు ఎత్తకుండా నవల కథను ఇంట్లో ఎవరికైనా చెప్పండి. వాళ్లు ఆసక్తిగా వింటే నవల తన కాళ్ల మీద తాను నిలబడిందన్నమాట, మీకూ అది అందిందన్నమాట. రెండోది, మీ పట్టికలో మూడో వరుస నుంచి ఒక్క మార్పు ఎంచుకుని, అది లేకపోతే కథ ఎక్కడ కూలిపోయేదో ఐదు వాక్యాల్లో రాయండి. మూడోది, నాటకంలో మూడో అంకం మొదటి రంగం మళ్లీ చదవండి. మెర్క్యూషియో మీద, టిబాల్ట్ మీద మీ అభిప్రాయం కొంచెమైనా కదిలితే పునఃకథనం తన పని చేసినట్లే. ఏమీ కదలకపోతే నాలుగో మెట్టు నుంచి మొదటి వంద పేజీలు మళ్లీ చూడండి. చాలాసార్లు అక్కడ పోలికలు వెతుకుతూ పరిగెత్తి ఉంటారు.

ఈ నవల పడకపోతే

రక్తపాతం భరించలేనివారు బలవంతంగా చదవనక్కర లేదు. మీకు బాగా తెలిసిన నాటకం ఏదైనా తీసుకుని, దాని ఆధారంగా వచ్చిన నవలకు ఇవే మెట్లు వర్తింపజేయండి. నాటకంలో చదవవలసిన రంగాల జాబితా మాత్రం మారుతుంది. నాంది, మొదటి ఘర్షణ, కథ మలుపు తిరిగే రంగం, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న రంగం, ముగింపు: ఈ ఐదూ ఉండేలా చూసుకోండి. రెండు సంపుటాలూ నచ్చినవారికి అదే రచయిత్రి 2022లో ‘ఫౌల్ లేడీ ఫార్చ్యూన్’ రాశారు. 1931 షాంఘైలో జరిగే ఆ కథకు ప్రేరణ ‘యాజ్ యూ లైక్ ఇట్’ అనే హాస్య నాటకం. మొదటి రెండు సంపుటాలు పూర్తి కాకముందు దాని అట్ట వెనుక పరిచయం కూడా చదవకండి, ఎవరు బతికారో అక్కడే తెలిసిపోతుంది.